ఇల్లు నడిపే ఫైలు, దానిని దిద్దే పనిముట్టు

మన పత్రిక పుటలలో పండుగల విధానాలు, పెండ్లి పాటలు, పెద్దల జ్ఞాపకాలు వస్తూ ఉంటాయి. ఈసారి ఒక యంత్ర విషయం వ్రాయవలసి వచ్చింది. కారణం లేకపోలేదు. సర్రే, ఎడ్మంటన్, బ్రాంప్టన్, మాంట్రియల్ వంటి ఊళ్ళలోని ఇండ్లలో దీపాలు, హీటర్లు, తలుపు తాళాలు ఒక చిన్న పెట్టె చెప్పినట్లు నడవడం ఇప్పుడు వింత కాదు. ఆ పెట్టెను అమర్చేవారు సాధారణంగా ఇంటికి ఒక్కరే ఉంటారు. కొడుకో, మనుమరాలో, అల్లుడో అయి ఉంటారు. వారు చదువుకో ఉద్యోగానికో వేరే ఊరు వెళ్ళిపోతే, మిగిలినవారికి ఆ పెట్టెలో ఏమి వ్రాసి ఉన్నదో తెలియదు. జనవరి నెలలో ఎడ్మంటన్‌లో, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన చలి ఉన్న రాత్రి, క్రింది అంతస్తులో పడుకున్న అమ్మమ్మ గది ఎందుకు చల్లబడిందో చెప్పగలవారు ఇంట్లో ఉండరు. అందుచేత ఆ పెట్టెలోని ఫైలు ఏమిటో, దానిని దిద్దే పనిముట్టు ఎట్లా పని చేస్తుందో, దిద్దినది ఇంటివారందరికీ తెలిసేలా ఎట్లా వ్రాసి పెట్టాలో ఇక్కడ వివరిస్తాను. కంప్యూటరు వృత్తిలో ఉన్నవారికి ఇందులో కొన్ని చప్పగా తోచవచ్చు. వారు క్షమించి, వ్యాఖ్యల గురించి వ్రాసిన చోటికి నేరుగా వెళ్ళవచ్చును.

ఈ పెట్టెలలో నడిచే సాఫ్ట్‌వేర్లు అనేకం ఉన్నాయి. నేను చెప్పబోయేది హోమ్ అసిస్టెంట్ అనే దానిని గురించి. పౌలుస్ స్కౌట్సెన్ అనే డచ్ యువకుడు తన ఇంటి దీపాల కోసం పైథాన్ భాషలో వ్రాసుకున్న ప్రోగ్రాముతో ఇది 2013లో మొదలైంది. దాని మూలరచన అందరికీ ఉచితంగా దొరుకుతుంది. స్విట్జర్లాండు కేంద్రంగా 2024లో ఏర్పడిన ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఇప్పుడు దాని బాధ్యత చూస్తున్నది. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు మీద కూడా ఇది నడుస్తుంది.

బజారులో దొరికే తయారు సామాను ఉండగా ఇంత తంటా ఎందుకని కొందరు అడుగుతారు. రెండు సంగతులు చెబుతాను. 2022 జూలై 8న రోజర్స్ వారి జాలం కెనడా అంతటా పడిపోయింది. 1 కోటి 20 లక్షల మందికి పైగా వినియోగదారులకు ఫోను, ఇంటర్నెట్ అందలేదు. ఇంట్లో దీపం వెలగడానికి ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటరు అనుమతి కావలసిన సామానుకు అటువంటి రోజు దిక్కు లేదు. ఇంటిలోపలే ఆజ్ఞలు నడిచే పెట్టెకు ఆ బెడద లేదు. రెండవది, అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ ముందు మాట చెప్పకుండా తన సర్వర్లను ఆపివేసింది. కొన్నవారి ఫోనులో ఆ కంపెనీ యాప్ పనికిరానిదైంది. ఆ సామానునే హోమ్ అసిస్టెంట్‌తో ఇంట్లోనుండి నడుపుకొంటున్నవారి దీపాలు మాత్రం యథాప్రకారం వెలిగాయి. తరువాత జూన్‌లో ఆ కంపెనీ ఆస్తిని దాని వాడుకదారులే కొందరు కొన్నారు, సర్వర్లు మళ్ళీ నడిచాయి. ఈ మధ్య కాలంలో ఇబ్బంది పడినవారి బాధ మాత్రం బాధే.

సరే, ఫైలు సంగతికి వద్దాం. హోమ్ అసిస్టెంట్ తన ఆజ్ఞలను యామెల్ అనే పద్ధతిలో వ్రాసిన ఫైళ్ళనుండి చదువుకొంటుంది. ప్రధానమైన దాని పేరు కాన్ఫిగరేషన్ డాట్ యామెల్. దాని ప్రక్కన ఆటోమేషన్స్ అని ఒకటి, స్క్రిప్ట్స్ అని ఒకటి, సీక్రెట్స్ అని ఒకటి ఉంటాయి. యామెల్ 2001లో పుట్టింది. మనుష్యులు చదవడానికి వీలుగా ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. మన పూర్వులు ఓడ ఎక్కేముందు మద్రాసులో వారికి ఇచ్చిన ఎమిగ్రేషన్ పాసు మీలో చాలామంది చూసి ఉంటారు. ఫిజీకి మద్రాసునుండి మొదటి ఓడ 1903లో వెళ్ళింది, నాటాల్‌కు అంతకుముందే 1860లో వెళ్ళింది. ఆ పాసులో ఎడమవైపు అచ్చు వేసిన శీర్షిక, కుడివైపు గుమాస్తా నింపిన సమాధానం. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. యామెల్ ఫైలు కూడా అచ్చం ఇంతే. ఎడమవైపు శీర్షిక, తరువాత కోలన్, ఒక ఖాళీ, కుడివైపు విలువ. ఉదాహరణకు ఇట్లా:

గది: అమ్మమ్మ గది
హీటరు: గోడ క్రిందిది
ఉష్ణోగ్రత: 20.5

కోలన్ తరువాత ఖాళీ విడవకపోతే యంత్రం దానిని శీర్షికగా గుర్తించదు, అంతా కలిపి ఒకే మాట అనుకొంటుంది. ఒక శీర్షిక క్రింద మరికొన్ని శీర్షికలు ఉండవలసి వస్తే, అనగా జిల్లా క్రింద తాలూకా, తాలూకా క్రింద గ్రామం అన్నట్లు, ఒక్కొక్క మెట్టుకు రెండేసి ఖాళీలు లోపలికి జరిపి వ్రాయాలి. ఎవరు ఎవరి క్రింద ఉన్నారో యంత్రానికి తెలిసేది ఆ ఖాళీలవల్లనే. ఒక్క ఖాళీ తప్పితే గ్రామం వేరే జిల్లాకు పోతుంది! కీబోర్డు మీది ట్యాబ్ మీటతో జరపడం నిషేధం. కంటికి ట్యాబ్, ఖాళీ ఒకేలా కనబడతాయి గదా అని వాదించి లాభం లేదు. ఒకే రకం వస్తువులు వరుసగా ఉంటే ఒక్కొక్క దాని ముందు చిన్న అడ్డుగీత పెట్టాలి.

ఇంతవరకు సులభమే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, గుమాస్తా అతితెలివి చూపించిన చోట. పాసులో మన వారి పేర్లను గుమాస్తాలు తమ చెవికి తోచినట్లు వ్రాశారు. అప్పన్న ఒకచోట ఒక విధంగాను, తమ్ముని కాగితంలో మరొక విధంగాను మారిపోయాడు. యామెల్ చదివే ప్రోగ్రాము కూడా కొన్ని మాటలను మనం వ్రాసినట్లు తీసుకోదు, తన ఊహ ప్రకారం మార్చుకొంటుంది.

అన్నిటికన్నా పెద్దది ఆన్, ఆఫ్ మాటల గొడవ. ఇంగ్లీషులో ఆన్, ఆఫ్, యెస్, నో అన్న మాటలను కొటేషన్ గుర్తులు లేకుండా వ్రాస్తే, పాత యామెల్ నియమం ప్రకారం అవి మాటలు కావు. ఆన్, యెస్ అంటే నిజము, ఆఫ్, నో అంటే అబద్ధము అనే తర్క విలువలుగా మారిపోతాయి. నార్వే దేశపు రెండక్షరాల గుర్తు ఎన్, ఓ కనుక దేశాల పట్టికలో నార్వే అబద్ధముగా మారిందని ప్రోగ్రామర్లు చాలాకాలంగా నవ్వుకొంటున్నారు. నార్వే దాకా ఎందుకు? మన అంటారియో సంగతి చూడండి. తపాలా వారి వాడుకలో అంటారియో రాష్ట్రానికి గుర్తు ఓ, ఎన్. రెండూ కలిపితే ఆన్! చిరునామాలో రాష్ట్రం దగ్గర ఆ రెండక్షరాలు విడిగా వ్రాస్తే, టొరంటో నిజము అనే రాష్ట్రంలో ఉన్నట్లు యంత్రం వ్రాసుకొంటుంది. మానిటోబా, అల్బర్టా వారికి ఈ చిక్కు లేదు.

ఇది నవ్వుకొని వదిలే విషయం కాదు. హీటరు స్విచ్ ఆన్ అయినప్పుడు ఫలానా పని చేయమని ఆజ్ఞ వ్రాసేటప్పుడు అదే మాట వస్తుంది. అక్కడ హోమ్ అసిస్టెంట్ ఎదురుచూచేది ఆన్ అనే మాటను. మనం గుర్తులు లేకుండా వ్రాస్తే అందేది నిజము అనే విలువ. రెండూ ఒకటి కావు. యామెల్‌లో 2009లో వచ్చిన 1.2 నియమావళి ఈ పద్ధతిని విడిచిపెట్టింది. హోమ్ అసిస్టెంట్ వాడే పఠన ప్రోగ్రాము మాత్రం 1.1 నియమాలనే పాటిస్తున్నది. కనుక ఆన్, ఆఫ్ మాటలకు ఇరువైపులా కొటేషన్ గుర్తులు పెట్టడం అలవాటు చేసుకోండి.

రెండవ చిక్కు గడియారానిది. మన ఇండ్లలో ఈ ఫైళ్ళు దిద్దడానికి ఇప్పుడు ముఖ్య కారణం కరెంటు బిల్లు. అంటారియోలో 2023 మేలో రాత్రి 11నుండి ఉదయం 7వరకు అతి తక్కువ ధర గల పథకం మొదలైంది. బ్రిటిష్ కొలంబియాలో బీసీ హైడ్రో వారు 2024 జూన్‌లో కోరుకున్నవారికి అదే వేళలలో తగ్గింపు ఇచ్చే పథకం పెట్టారు. క్విబెక్‌లో హైడ్రో క్విబెక్ వారికి చలికాలపు కొన్ని గంటలలో వాడకం తగ్గిస్తే లాభమిచ్చే ధరలు ఉన్నాయి. నీళ్ళ ట్యాంకును, కారు చార్జింగును రాత్రి 11కు మొదలుపెట్టి ఉదయం 7కు ఆపమని వ్రాయాలని ఎవరికైనా తోస్తుంది. గుర్తులు లేకుండా 23:00 అని వ్రాస్తే, పాత నియమం ప్రకారం అది అరవయ్యవ స్థానపు లెక్క. ఇరవైమూడును అరవైతో హెచ్చించి 1380 అని చదువుతుంది. సెకండ్లు కూడా చేర్చి 23:00:00 అని వ్రాస్తే 82800 అవుతుంది. తమాషా ఏమంటే 07:00 అని వ్రాసినది మాత్రం చక్కగా మాటగానే మిగులుతుంది, ఎందుకంటే సున్నాతో మొదలైన అంకెకు ఆ నియమం వర్తించదు. కనుక ఒకే ఫైలులో ఉదయపు వరుస పనిచేసి, రాత్రి వరుస చెడిపోతుంది. దిద్దేవారు రెండు వరుసలనూ ప్రక్క ప్రక్కన పెట్టి చూసుకొని, రెండూ ఒకే విధంగా ఉన్నాయి గదా అని తల పట్టుకొంటారు. మందు అదే, కొటేషన్ గుర్తులు.

ఇంతకన్నా ప్రమాదమైనది వ్యవధి. పది గంటలపాటు అనే ఉద్దేశంతో 10:00 అని వ్రాస్తే యంత్రానికి అందేది 600. సెకండ్లు ఎదురుచూచే చోట అది పది నిమిషాలు అవుతుంది. ఇందులో తప్పు చూపించే సందేశం ఏదీ రాకపోవచ్చు.

తాళాల సంకేత సంఖ్యలు మరొక కథ. 0123 అనే సంఖ్యను గుర్తులు లేకుండా వ్రాస్తే సున్నాతో మొదలైంది కనుక ఎనిమిదవ స్థానపు లెక్క అనుకొని 83గా మార్చుకొంటుంది. 0189 అని వ్రాస్తే మాత్రం, ఎనిమిదవ స్థానపు లెక్కలో 8, 9 ఉండవు కనుక, ఉన్నది ఉన్నట్లే ఉంచుతుంది. ఒకరి సంకేతం పనిచేసి ఇంకొకరిది పనిచేయకపోతే తలుపులోనో మనిషిలోనో లోపం ఉందని అనుకోకండి. మాంట్రియల్ వారికి ఒక మాట. ఫ్రెంచి పద్ధతిలో దశాంశానికి కామా పెట్టి 20,5 అని వ్రాస్తే అది సంఖ్యగా చెల్లదు. చుక్క పెట్టవలసిందే.

ఇక పనిముట్టు. ఈ ఫైళ్ళు పెట్టె లోపల ఉంటాయి. వాటిని బ్రౌజరులో తెరచి దిద్దడానికి ఫైల్ ఎడిటర్ అనే చేర్పు ఉన్నది. దాని మొదటి పేరు కాన్ఫిగరేటర్. ఒకే ఒక పైథాన్ ఫైలుగా, 3218 అనే పోర్టు మీద నడిచే చిన్న పనిముట్టుగా ఒక వాలంటీరు దానిని తయారు చేశాడు. లోపల వ్రాతబల్లగా ఏస్ అనే ఎడిటర్‌ను వాడుకొన్నాడు. హోమ్ అసిస్టెంట్ సెట్టింగులలో చేర్పుల దుకాణం నుండి దీనిని ఉచితంగా తెచ్చుకోవచ్చును.

తెరిస్తే ఎడమవైపు పైన ఫోల్డరు బొమ్మ కనబడుతుంది, దానిని నొక్కితే ఫైళ్ళ పట్టిక వస్తుంది. ఒక ఫైలును ఎంచుకొంటే వరుసల సంఖ్యలతో సహా తెర మీద పడుతుంది. శీర్షికలు ఒక రంగులో, విలువలు మరొక రంగులో, వ్యాఖ్యలు ఇంకొక రంగులో ఉంటాయి. ఈ రంగులు అలంకారం కోసం కాదు. ఆన్ అనే మాట గుర్తులతో వ్రాసినప్పుడు ఒక రంగు, గుర్తులు లేనప్పుడు వేరొక రంగు వస్తే, యంత్రం దానిని వేరుగా చూస్తున్నదని మనకు తెలుస్తుంది. ఇంటిలోని పరికరాల అసలు పేర్లు, చేయగల పనుల పేర్లు ప్రక్కన పట్టికగా దొరుకుతాయి. చూసి వ్రాసుకోవచ్చును గనుక అక్షర దోషాలు తగ్గుతాయి.

కుడివైపు పైన ఒక గుర్తు ఉంటుంది. ఫైలు యామెల్ వ్యాకరణానికి సరిపోతే ఆకుపచ్చ టిక్కు, లేకపోతే ఎర్రని ఆశ్చర్యార్థకం. క్రొత్తవారు ఆ ఆకుపచ్చను చూసి నిశ్చింతగా ఉంటారు, అది పొరపాటు. ఆ గుర్తు చూచేది వ్యాకరణం మాత్రమే. వ్యాకరణ దోషం లేని ఉత్తరం తప్పు చిరునామాకు పోవచ్చు గదా! 23:00 అనే రాత్రి వరుస, నిజముగా మారిన అంటారియో, 83గా మారిన తాళపు సంకేతం, ఇవన్నీ ఆకుపచ్చ గుర్తు క్రిందనే కూర్చుని ఉంటాయి.

అర్థం సరిచూచేది హోమ్ అసిస్టెంటే. డెవలపర్ టూల్స్‌లో యామెల్ అనే పుట ఉన్నది, అక్కడ కాన్ఫిగరేషన్ తనిఖీ చేసే మీట ఉంటుంది. ఫైలు భద్రపరచిన తరువాత ముందుగా దానిని నొక్కాలి. తప్పు దొరికితే ఏ ఫైలులో ఏ వరుస దగ్గరో సాధారణంగా చెబుతుంది. ఆ వరుసలో ఏమీ కనబడకపోతే దాని పై వరుస చూడండి, కోలన్ మరచిపోవడం చాలావరకు అక్కడే జరిగి ఉంటుంది. తనిఖీ సరిగా ఉంటే, ఆటోమేషన్ల వంటివాటికి పెట్టె మొత్తం ఆపి మొదలుపెట్టనవసరం లేదు, తిరిగి చదువుకోమని చెప్పే మీటలు అదే పుటలో ఉంటాయి. మొత్తం పునఃప్రారంభం చేయబోయినా, తప్పు ఉన్నదని తెలిస్తే హోమ్ అసిస్టెంట్ ముందే నిరాకరిస్తుంది. అయినా కరెంటు పోయి వచ్చినప్పుడు తప్పుల ఫైలుతో లేవవలసి వస్తే రికవరీ మోడ్ అనే పరిమిత స్థితిలో లేస్తుంది. అప్పుడు దిద్దుకొనేందుకు వీలుంటుంది గాని, ఆటోమేషన్లు నడవవు.

చలి రాత్రుల దృష్ట్యా ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉష్ణోగ్రత 18 కన్నా తగ్గితే ఫోనుకు కబురు పంపమని వ్రాశారనుకోండి. ఆ ఆజ్ఞ 18 గీతను పైనుండి క్రిందికి దాటిన క్షణంలో మాత్రమే పనిచేస్తుంది. పెట్టె మొదలయ్యేసరికే గది 16లో ఉంటే గీత దాటడం అనేది జరగలేదు, కబురు రాదు. అందుకని అరగంటకోసారి తనంతట తాను చూచే మరొక ఆజ్ఞ ప్రక్కన వ్రాసి పెట్టడం మంచిది. అంతకన్నా ముఖ్యంగా, గోడ మీది థర్మోస్టాట్ చేతితో త్రిప్పితే పనిచేసేదిగా ఉండాలి. పెట్టె చచ్చిపోయినా హీటరు తన స్వంత బుద్ధితో గది కాపాడాలి. ముసలివారు, పసివారు ఉన్న ఇంట్లో కొలిమికి పెట్టె ఒక్కటే యజమాని కావడం నేను ఒప్పుకోను.

స్టూడియో కోడ్ సర్వర్ అనే మరొక చేర్పు కూడా ఉన్నది. అది పూర్తి స్థాయి ప్రోగ్రామర్ల వ్రాతబల్ల. మాట సగం కొట్టగానే మిగతాది సూచిస్తుంది, అర్థ దోషాలు కొన్ని కూడా గుర్తుపడుతుంది. కాని దానికి ఎక్కువ మెమరీ కావాలి. చిన్న పెట్టెలకు ఫైల్ ఎడిటరే నయం. దాని సెట్టింగులలో మూల ఫోల్డరు దాటి బయటకు పోనీయకుండా కట్టడి చేసేది ఒకటి ఉన్నది, దానిని ఆన్‌లోనే ఉంచండి. చుక్కతో మొదలయ్యే స్టోరేజ్ అనే ఫోల్డరు జోలికి పోకండి. తెర మీద మీటలు నొక్కి అమర్చినవాటిని హోమ్ అసిస్టెంట్ అందులో దాచుకొంటుంది, చేతితో దిద్దితే చెడుతుంది. పరికరాలను తెర మీదనే అమర్చాలన్న నిర్ణయం 2020లో వారు తీసుకొన్నప్పుడు ఫైళ్ళ అభిమానులు చాలా గొడవ చేశారు. నాకు ఆ నిర్ణయంలో పెద్ద తప్పు కనబడలేదు. ఆటోమేషన్లు, స్క్రిప్టులు, లెక్కలు కట్టే టెంప్లేట్లు ఇప్పటికీ ఫైళ్ళలో వ్రాసుకోవచ్చును.

రహస్య పదాలకు సీక్రెట్స్ అనే ఫైలు వేరుగా ఉన్నది. ప్రధాన ఫైలులో సంకేతపు పేరు మాత్రం వ్రాసి, అసలు పదం అందులో దాస్తారు. పేరు చూసి అది తాళం వేసిన పెట్టె అనుకోకండి. ఉన్నదున్నట్లు చదవగలిగే మామూలు ఫైలే. ఇతరులు వ్రాసిన కొన్ని అదనపు చేర్పులలో లోపం వల్ల, లాగిన్ లేకుండానే ఇటువంటి ఫైళ్ళను బయటివారు చదవగలిగే ప్రమాదం ఉన్నదని 2021 జనవరిలో హోమ్ అసిస్టెంట్ వారే హెచ్చరించారు. ప్రధాన ఫైలును స్నేహితులకు చూపించడం కోసం పంపవచ్చు, సీక్రెట్స్ ఫైలును పంపరాదు.

ఇప్పుడు వ్యాఖ్యల సంగతి, ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం. హ్యాష్ గుర్తు పెట్టి దాని తరువాత వ్రాసినది యంత్రం చదవదు, మనుష్యులు చదువుతారు. అక్కడ తెలుగులో వ్రాయవచ్చును. ఫైలు యూనికోడ్‌లో ఉంటుంది కనుక మన అక్షరాలకు ఏ అడ్డూ లేదు. తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇంట్లో ఇంగ్లీషు వరుస కూడా క్రింద చేర్చండి. అయితే ఏమి వ్రాయాలి? ఫైలులో కనబడుతున్నదే మళ్ళీ వ్రాస్తే ప్రయోజనం లేదు. "ఉష్ణోగ్రత 21కి పెంచు" అనే ఆజ్ఞ ప్రక్కన "ఇది ఉష్ణోగ్రత పెంచుతుంది" అని వ్రాసినవారిని చూశాను. వ్రాయవలసింది కారణం. "అమ్మమ్మ తెల్లవారు 4 గంటలకు లేచి పూజ చేసుకొంటుంది, అందుకని 3:30కే గది వెచ్చబడాలి. ధర ఎక్కువైనా దీనిని తీయవద్దు." ఈ రెండు వాక్యాలు ఉంటే, బిల్లు తగ్గించాలని కూర్చున్న మనుమడు ఆ వరుస మీద చేయి వేయడు.

ఇక్కడ ఒక గుంట ఉన్నది, చాలామంది అందులో పడతారు. ఆటోమేషన్స్ అనే ఫైలును మనం ఎడిటరులో చేతితో దిద్దవచ్చు, తెర మీది మీటలతోను దిద్దవచ్చు. తెర మీద ఒక్కసారి దిద్ది భద్రపరిస్తే, హోమ్ అసిస్టెంట్ ఆ ఫైలును తిరిగి వ్రాస్తుంది, అప్పుడు మన హ్యాష్ వ్యాఖ్యలన్నీ తుడిచిపెట్టుకొని పోతాయి. దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, ప్రతి ఆటోమేషన్‌కు వివరణ అనే శీర్షిక ఉన్నది, కారణాన్ని అందులో వ్రాస్తే అది ఫైలులో భాగం గనుక పోదు, తెర మీదా కనబడుతుంది. రెండవది, చేతితో వ్రాసుకొనే ఆటోమేషన్లకు వేరే ఫైలు పెట్టుకొని, ప్రధాన ఫైలులో ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే ఇన్‌క్లూడ్ అనే ఆజ్ఞతో దానిని కలుపుకోవడం. ఆ ఫైలును తెర మీది మీటలు ముట్టవు. నేను మొదటి ఉపాయాన్నే చెబుతాను, ఎందుకంటే ఇంట్లో మిగిలినవారు ఫైలు తెరవరు, తెర చూస్తారు.

పాత పుస్తకాలలో చదివిన ఉదాహరణలు చూసి కంగారుపడకండి. ఆజ్ఞ చేయవలసిన పనికి ఇదివరకు సర్వీస్ అని వ్రాసేవారు, 2024 ఆగస్టు నుండి యాక్షన్ అంటున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ట్రిగ్గర్, కండిషన్ అనే శీర్షికలు బహువచనాలు అయ్యాయి. పాత వ్రాతను కూడా యంత్రం చదువుతూనే ఉన్నది.

పేర్ల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పరికరానికి మనం రెండు పేర్లు చూస్తాం. ఒకటి తెర మీద కనబడేది, దానిని "అమ్మమ్మ గది హీటరు" అని శుభ్రంగా తెలుగులో పెట్టుకోవచ్చు. రెండవది ఆజ్ఞలలో వాడే లోపలి గుర్తింపు. అందులో చిన్న రోమన్ అక్షరాలు, అంకెలు, అడుగుగీత తప్ప మరేమీ చెల్లవు. తెలుగు పేరు ఇస్తే యంత్రం దానిని తానే రోమన్‌లోకి మార్చుకొంటుంది, వచ్చేది చదివితే మన పేరేనా అనిపిస్తుంది. పాసు వ్రాసిన గుమాస్తా వారసుడే ఇతను! ఆ గుర్తింపును మనమే తిన్నగా దిద్దుకోవచ్చు. అయితే ముందే దిద్దుకోవాలి. ఆజ్ఞలు వ్రాసిన తరువాత మారిస్తే, పాత గుర్తింపుతో ఫైళ్ళలో చేతితో వ్రాసిన వరుసలన్నీ వెతికి మార్చవలసి ఉంటుంది. మార్చేముందు పాత పేరు, క్రొత్త పేరు ఒక కాగితం మీద వ్రాసుకోండి.

కాగితం అన్నాను గనుక, ఫర్నేస్ ప్రక్కన గోడకు అంటించవలసిన కాగితంలో ఏమి ఉండాలో చెబుతాను. పెట్టె ఎక్కడ ఉన్నది, దాని ప్లగ్గు ఏది, కరెంటు బోర్డులో దాని బ్రేకర్ సంఖ్య ఎంత. పెట్టె ఆగిపోతే ఏ ఏ థర్మోస్టాట్లను చేతితో త్రిప్పాలి. బ్యాకప్పులు ఎక్కడ దాచబడి ఉన్నాయి. 2025 జనవరి నుండి ఈ బ్యాకప్పులకు తాళపు సంకేతం పెట్టే ఏర్పాటు వచ్చింది, ఆ సంకేతం లేకపోతే బ్యాకప్పు ఉండీ లేనట్లే. దానిని అచ్చు తీసి, గోడ మీద కాకుండా, ఇంటి పత్రాలు ఉంచే చోట పాసుపోర్టులతో పాటు పెట్టాలి. కాగితం క్రింద చివరిసారి దిద్దిన తేదీ, దిద్దినవారి పేరు, వారి ఫోను నంబరు. అక్షరాలు అమ్మమ్మ కళ్ళద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్దవిగా ఉండాలి.